బ్యాటరీ లేకుండా నడిచే తలుపు సెన్సర్లు: నా అనుభవం

గుంటూరు బ్రాడీపేటలో మా ఇల్లు పాత కట్టడం. పద్నాలుగు అంగుళాల ఇటుక గోడలు, టేకు తలుపులు, గుమ్మాల మీద అద్దాల వెంటిలేటర్లు. వీధి తలుపు, పెరటి తలుపు, మేడ మెట్ల తలుపు, నాలుగు కిటికీలు. ఈ ఏడు చోట్లా, తెరుచుకుంటే దొంగ అలారం మోగించే వైర్‌లెస్ సెన్సర్లు పెట్టాలి, ఒక్కదానిలో కూడా బ్యాటరీ ఉండకూడదు అన్నది అనుకున్న పని. ఏ భాగాలు వాడానో, లెక్క ఎలా వేశానో, ఎక్కడ తేడా వస్తుందో ఇక్కడ రాస్తున్నాను. కాస్త టంకం పెట్టడం, ఆర్డినోలో ప్రోగ్రామ్ ఎక్కించడం వచ్చినవాళ్ళెవరైనా చేసుకోగల పనే ఇది.

బ్యాటరీతో ఇబ్బంది ఏమిటంటే, సీఆర్2032 నాణెం సెల్‌లో ఉండేది సుమారు 220 మిల్లీఆంప్-అవర్లు. 10 మైక్రోఆంప్‌లు లాగే సెన్సర్‌కు కాగితం మీద రెండున్నరేళ్ళు వస్తుంది. కానీ సెల్ పాతబడే కొద్దీ దాని లోపలి నిరోధం పెరుగుతుంది. నిద్రలో ఉన్నంతసేపూ వోల్టేజి బాగానే కనిపిస్తుంది, రేడియో 15 మిల్లీఆంప్‌లు అడగగానే కూలిపోతుంది. అంటే తలుపు తెరుచుకున్న క్షణంలోనే సెన్సర్ మూగబోతుంది. పైగా ఏడు సెల్సూ ఏడు వేర్వేరు సమయాల్లో అయిపోతాయి.

సెన్సర్‌కు శక్తి ఎక్కడి నుంచి తేవాలన్న ప్రశ్నకు వెలుతురే జవాబని త్వరగానే తేలింది. మిగతా దారులు ఎందుకు వదిలేశానో చెప్తాను. వైఫై తరంగాల నుంచి కరెంటు పట్టే సర్క్యూట్ల గురించి వీడియోలు చాలా ఉన్నాయి. 100 మిల్లీవాట్ల రౌటర్ నుంచి 3 మీటర్ల దూరంలో మామూలు యాంటెన్నాకు అందేది సుమారు 1 మైక్రోవాట్, అదీ రౌటర్ ఆపకుండా ప్రసారం చేస్తుంటే. దాన్ని డీసీగా మార్చేసరికి మిగిలేది దాదాపు సున్నా. ఒత్తిడికి కరెంటు పుట్టించే పీజో బిళ్ళలు తలుపు దబాలున పడితే తప్ప పనికొచ్చే శక్తి ఇవ్వవు, దొంగ తలుపును అలా వెయ్యడు. వేడి తేడాతో పనిచేసే పెల్టియర్ పలకకు తలుపు దగ్గర స్థిరంగా ఉండే తేడా దొరకదు, దొరికినా దానికి కావలసిన హీట్‌సింక్ సెన్సర్ కంటే పెద్దది.

నొక్కుడు శక్తితో నడిచే స్విచ్‌లు మాత్రం నిజంగా మంచి సాంకేతికత. 2001లో సీమెన్స్ నుంచి విడివడిన జర్మన్ కంపెనీ ఎన్‌ఓషన్ వీటికి పేరు తెచ్చింది. అయస్కాంతం ఒక పక్క నుంచి ఇంకో పక్కకు టక్కున మారినప్పుడు కాయిల్‌లో పుట్టే 100 నుంచి 200 మైక్రోజౌళ్ళతో రెండు మూడు చిన్న సందేశాలు వెళ్ళిపోతాయి. యూరప్ రకం 868.3 మెగాహెర్ట్జ్ మీద నడుస్తుంది, మన దగ్గర లైసెన్స్ అక్కర్లేని పట్టీ 865 నుంచి 868 వరకే, కాబట్టి కొంటే 2.4 గిగాహెర్ట్జ్ రకమే కొనాలి. ఆన్‌లైన్‌లో దొరికే 433 మెగాహెర్ట్జ్ సెల్ లేని కాలింగ్ బెల్ బటన్ కూడా ఇదే సూత్రం. గేటు బెల్లుకు, మంచం పక్కన అత్యవసర బటన్‌కు నేను దీన్నే సిఫారసు చేస్తాను. తలుపు కాపలాకు మాత్రం వద్దు. కదిలినప్పుడే మాట్లాడే సెన్సర్ మౌనంగా ఉంటే, తలుపు మూసి ఉందని అర్థమా, సెన్సర్‌ను ఎవరో పీకేశారని అర్థమా? రిసీవర్‌కు తెలిసే దారి లేదు. భద్రతకు పెట్టే సెన్సర్ గంటకు నాలుగుసార్లయినా హాజరు పలకాలి. హాజరు పలకాలంటే మధ్యలో శక్తి నిల్వ ఉండాలి.

ఇక అసలు లెక్క. అందరూ సందేశం పంపడానికే ఎక్కువ శక్తి పోతుందనుకుంటారు. ప్రోగ్రామ్ నడిపే 8 మెగాహెర్ట్జ్ ఏటీమెగా328పీ చిప్, ఎన్‌ఆర్‌ఎఫ్24ఎల్01+ రేడియో జతను తీసుకుంటే, లేచి, సందేశం పంపి, జవాబు అందుకుని పడుకోవడానికి 10 మిల్లీసెకన్లు చాలు. కరెంటు 15 మిల్లీఆంప్‌లు, వోల్టేజి 2.5. అంటే సందేశానికి 0.4 మిల్లీజౌల్ కూడా కాదు. పావుగంటకొక హాజరు చొప్పున రోజుకు 96, తలుపు కదలికలు ఇంకో యాభై, అందక మళ్ళీ పంపినవి కలుపుకున్నా రోజుకు 0.1 జౌల్ దాటదు. నిద్ర సంగతి చూడండి. నిద్ర లేపే వాచ్‌డాగ్ టైమర్‌తో కలిపి చిప్‌కు సుమారు 4.5 మైక్రోఆంప్‌లు, రేడియోకు 0.9. అది 2.5 వోల్టుల దగ్గర 14 మైక్రోవాట్లు, మార్పిడి నష్టం కలిపితే 16. బ్యాటరీ బదులు శక్తిని నిల్వ చేసే ఒక ఫారడ్ సూపర్ కెపాసిటర్ తనలో తాను కార్చుకునేది 3 మైక్రోఆంప్‌లు అనుకుంటే ఇంకో 11. వెలుతురు ప్యానెల్ నుంచి దాన్ని నింపే ఛార్జింగ్ చిప్‌కు 2. మొత్తం 29 మైక్రోవాట్లు, రోజుకు 2.5 జౌళ్ళు. సందేశాల ఖర్చుకు పాతిక రెట్లు. కాబట్టి రేడియో పవర్ తగ్గించుకుంటూ కూర్చోవడం వృథా. నిద్ర కరెంటూ కెపాసిటర్ లీకేజీ తగ్గితేనే ఫలితం కనిపిస్తుంది. ఈఎస్‌పీ8266 లాంటి వైఫై చిప్‌ల కథ వేరు. ఒక్కసారి రౌటర్‌కు కనెక్ట్ కావడానికే అర జౌల్ పైన పోతుంది, పావుగంట హాజరు వాటికి కుదరదు.

రెండున్నర జౌళ్ళు హాల్లో వెలుతురు నుంచి వస్తాయా? కాలిక్యులేటర్ మీద కనిపించే గోధుమరంగు అమార్ఫస్ ప్యానెల్, 58 × 49 మిల్లీమీటర్ల సైజుది, 200 లక్స్ (లక్స్ అంటే వెలుతురు కొలత) దగ్గర 3 వోల్టులకు 42 మైక్రోఆంప్‌లు ఇస్తుంది. పది గంటలకు, నష్టాలు పోగా, సుమారు మూడున్నర జౌళ్ళు. సరిపోతుంది. అదే 53 × 25 సైజుదైతే 18.5 మైక్రోఆంప్‌లే, ఒకటిన్నర జౌల్ వస్తుంది. చాలదు. నీలం రంగు క్రిస్టలైన్ ప్యానెల్ ఎండలో బాగా ఇస్తుంది గానీ మసక వెలుతురులో దాని లోపలి లీకేజీయే వచ్చిన కరెంటును మింగేసి వోల్టేజిని పడేస్తుంది. పైగా ఎల్ఈడీ దీపాల్లో పరారుణ కాంతి ఉండదు కాబట్టి రాత్రి ట్యూబ్‌లైట్ కింద అది ఇంకా డీలా పడుతుంది.

అయితే ఇక్కడొక చిక్కు ఉంది, నాకు అన్నిటికంటే ముఖ్యంగా తోచింది ఇదే. దొంగతనాలు ఎక్కువగా జరిగేది తాళం వేసిన ఇళ్ళలో. మన రాష్ట్ర పోలీసులు లాక్డ్ హౌస్ మానిటరింగ్ అని ఊరెళ్ళేవాళ్ళ ఇళ్ళకు ప్రత్యేకంగా కెమెరా పెట్టే ఏర్పాటు చేసిందీ అందుకే. సంక్రాంతికి ఊరెళ్తే ఏం చేస్తాం? కిటికీలు మూసి, కర్టెన్లు వేసి, లైట్లన్నీ ఆపి వెళ్తాం. హాల్లో 200 లక్స్ కాస్తా 20, 30కి పడిపోతుంది. ప్యానెల్ నుంచి ఐదారు మైక్రోఆంప్‌లే వస్తాయి, నిద్రకే చాలవు. సెన్సర్ అవసరమైన రోజుల్లోనే సెన్సర్ పస్తుంటుంది. వేసవి మధ్యాహ్నాల్లోనూ అంతే. బయట ఎండ మండిపోతుంటే ఇంట్లో తలుపులు, కిటికీలు బిగించి చీకటి చేసుకుంటాం. ఇంట్లో మనుషులు తిరిగే రోజుల వెలుతురు మీద లెక్క వేసిన డిజైన్ ఏదైనా ఇక్కడ తప్పుతుంది.

అందుకని ప్యానెల్‌ను సెన్సర్ నుంచి విడదీశాను. సెన్సర్ పెట్టె తలుపు చట్రం మీద, ప్యానెల్ పైనున్న వెంటిలేటర్ అద్దానికి లోపలి వైపు, ముఖం బయటికి. మధ్యలో మీటరు, మీటరున్నర సన్నటి రెండు పోగుల వైరు. సజ్జా నీడలో ఉన్న ఉత్తరపు గోడ మీద కూడా పగలు వేల లక్స్ ఉంటుంది. అంత వెలుతురులో ఖరీదైన అమార్ఫస్ ప్యానెల్ అక్కర్లేదు, తోటల్లో పాతే సోలార్ దీపాల మీద ఉండే 2 వోల్టుల చిన్న నీలం ప్యానెల్ ఒక మిల్లీవాట్ తేలిగ్గా ఇస్తుంది. అంటే ముప్పావు గంట మంచి వెలుతురు ఒక రోజు ఖర్చుకు సరిపోతుంది. ముసురు పట్టిన రోజుల్లోనూ లోటు రాదు. ఇల్లు తాళం వేసినా వెంటిలేటర్ అద్దం మీద ఎవరూ కర్టెన్ వెయ్యరు కదా.

వెంటిలేటర్ దగ్గర ఎక్కువ వోల్టుల ప్యానెల్ పెట్టకూడదు. నేను వాడిన ఛార్జింగ్ చిప్ బీక్యూ25570. దాని ఇన్‌పుట్ 5.1 వోల్టులు దాటకూడదు. హాలు కోసం చేసిన ఎనిమిది సెల్స్ అమార్ఫస్ ప్యానెల్ ట్యూబ్‌లైట్ కింద 5 వోల్టుల లోపే ఉన్నా, సాయంత్రపు ఎండ నేరుగా తగిలితే ఆ హద్దు దాటేస్తుంది. నాలుగు సెల్స్ ఉన్న 2 వోల్టుల ప్యానెల్‌తో ఆ బెడద లేదు. హద్దు కోసం జీనర్ (ఎక్కువైన వోల్టేజిని అడ్డుకునే డయోడ్) పెడదామనుకునేవాళ్ళకు ఒక మాట: 5.1 వోల్టుల జీనర్ 3 వోల్టుల దగ్గరే మైక్రోఆంప్‌లు కారుస్తుంది, మసక వెలుతురులో మన సంపాదనంతా దానికే పోతుంది.

ఒక సెన్సర్‌కు కావలసినవి: బీక్యూ25570 మాడ్యూల్, 5.5 వోల్టుల 1 ఫారడ్ నాణెం సూపర్ కెపాసిటర్, 220 మైక్రోఫారడ్ తక్కువ లీకేజీ ఎలక్ట్రోలైటిక్, ఏటీమెగా328పీ ఉన్న 3.3 వోల్టుల 8 మెగాహెర్ట్జ్ ప్రో మినీ బోర్డు, ఎన్‌ఆర్‌ఎఫ్24ఎల్01+ మాడ్యూల్, మూడు కాళ్ళ రీడ్ స్విచ్ (అయస్కాంతం దగ్గరికొస్తే మారేది), అయస్కాంతం, ప్యానెల్. మామూలు విడిభాగాలు విజయవాడ గవర్నర్‌పేట దుకాణాల్లో తీసుకోవచ్చు, ఛార్జింగ్ మాడ్యూల్‌ను మాత్రం ఆన్‌లైన్‌లో తెప్పించుకోవడం తేలిక.

ప్రో మినీ మీద ముందు పవర్ ఎల్ఈడీ పీకెయ్యాలి, అదొక్కటే మిల్లీఆంప్ దాకా తింటుంది. తర్వాత వోల్టేజి రెగ్యులేటర్ కూడా తీసేసి, 2.5 వోల్టులను నేరుగా వీసీసీకి ఇవ్వాలి. ఇచ్చాక బోర్డు లేవకపోతే కంగారు పడొద్దు. ఈ బోర్డుల్లో బ్రౌన్-అవుట్ హద్దు (వోల్టేజి అంతకంటే తగ్గితే చిప్‌ను ఆపేది) 2.7 వోల్టుల దగ్గర పెట్టి వస్తుంది, 2.5 దగ్గర చిప్ రీసెట్‌లోనే ఉండిపోతుంది. ఐఎస్‌పీ ప్రోగ్రామర్‌తో ఫ్యూజ్‌ను (చిప్ లోపలి సెట్టింగ్‌ను) 1.8కి మార్చాలి. నిద్రలోకి వెళ్ళేముందు ప్రోగ్రామ్‌లో బ్రౌన్-అవుట్‌ను ఆపెయ్యాలి, లేకపోతే 20 మైక్రోఆంప్‌లు అదనం. వోల్టేజి కొలిచే ఏడీసీని కూడా ఆపాలి. రేడియో విషయంలో నకిలీ చిప్‌లతో జాగ్రత్త. సందేశాలు బాగానే పంపుతాయి, నిద్ర కరెంటు మాత్రం అసలుదాని కంటే చాలా ఎక్కువ ఉంటుంది. పది మాడ్యూళ్ళు కొంటే పదీ కొలవాల్సిందే. పొడవాటి యాంటెన్నా ఉన్న పవర్ మాడ్యూల్ వంద మిల్లీఆంప్‌ల పైన లాగుతుంది, దాన్ని రిసీవర్‌కే వాడాలి. డేటా వేగం 250 కిలోబిట్స్ పెడితే మా మందపాటి గోడలు రెండు దాటి అందుతోంది.

ఛార్జింగ్ మాడ్యూళ్ళు ఎక్కువగా లిథియం సెల్‌కు తగ్గట్టు 4.2 వోల్టుల దగ్గర ఆగేలా వస్తాయి. సూపర్ కెపాసిటర్‌కు అదే బాగుంది, 5.5 వోల్టుల రకాన్ని 4.2 దగ్గర ఉంచితే లీకేజీ తగ్గుతుంది, ఆయుష్షు పెరుగుతుంది. 4.2 నుంచి 2.6 దాకా వాడుకుంటే ఒక ఫారడ్‌లో దొరికేది 5.4 జౌళ్ళు, అంటే పూర్తి చీకట్లో రెండు రోజులు. బయటికిచ్చే వోల్టేజిని మాడ్యూల్ మీది రెండు రెసిస్టర్లు నిర్ణయిస్తాయి, దాన్ని 2.5కి మార్చుకోవాలి. నాణెం రకం సూపర్ కెపాసిటర్ లోపలి నిరోధం పదుల ఓమ్‌లు ఉంటుంది. రేడియో లేచినప్పుడు దాని మీద అర వోల్టు పడిపోవచ్చు, అందుకే 220 మైక్రోఫారడ్‌ను పక్కనే సమాంతరంగా పెట్టాలి. ఇక్కడ టాంటలమ్ వాడొద్దు, లీకేజీ ఎక్కువ.

ఖాళీ కెపాసిటర్‌తో సెన్సర్‌ను గోడకు తగిలిస్తే రోజులు గడిచినా లేవకపోవచ్చు. కారణం, కెపాసిటర్ ఖాళీగా ఉన్నప్పుడు ఛార్జింగ్ చిప్ మొదలవ్వాలంటే ఇన్‌పుట్ 0.6 వోల్టులు దాటాలి, అప్పుడు దాని సామర్థ్యమూ చాలా తక్కువ. కాబట్టి ముందే నింపి పెట్టాలి. మొబైల్ ఛార్జర్ 5 వోల్టులకు వరుసగా రెండు 1ఎన్4007 డయోడ్లు, 100 ఓమ్‌ల రెసిస్టర్ పెట్టి కెపాసిటర్‌ను ఒక పగలూ ఒక రాత్రీ అలాగే ఉంచుతాను. ఐదారు నిమిషాల్లోనే మీటరు నాలుగు వోల్టుల దగ్గరికి చూపిస్తుంది, దాన్ని నమ్మి తీసేస్తే మళ్ళీ జారిపోతుంది. లోపలి రంధ్రాల దాకా ఛార్జ్ చేరడానికి గంటలు పడుతుంది, ఆ తర్వాతే లీకేజీ స్థిరపడుతుంది.

నిద్ర కరెంటును మల్టీమీటర్‌తో నేరుగా కొలవకండి. మైక్రోఆంప్ రేంజిలో మీటరు లోపలి నిరోధం వందల ఓమ్‌లు ఉంటుంది, రేడియో లేవగానే చిప్ రీసెట్ అవుతుంది. కెపాసిటర్‌నే కొలబద్దగా వాడుకోవచ్చు. ప్యానెల్ ఊడదీసి, వోల్టేజి రాసుకుని, మీటరు తీసేసి, 24 గంటల తర్వాత మళ్ళీ కొలవాలి. ఒక ఫారడ్‌కు రోజులో 0.86 వోల్టు పడితే సగటు 10 మైక్రోఆంప్‌లు. మీటరును తగిలించి వదిలేస్తే అదే 0.4 మైక్రోఆంప్ లాగుతుంది. కెపాసిటర్ ఒక్కదాన్నే విడిగా ఇలా ఒక రోజు పెడితే దాని లీకేజీ ఎంతో కూడా తేలిపోతుంది. ఒకే రకం కెపాసిటర్లలోనూ ఒకదానికొకటి తేడా ఉంటుంది, ఎక్కువ కారేవాటిని వెంటనే పక్కన పెట్టాలి. వెలుతురుకు ఫోన్ యాప్ కంటే ప్యానెల్‌నే మీటరు మైక్రోఆంప్ రేంజితో షార్ట్ చేసి చూడటం నమ్మకం. ఉదయం, మధ్యాహ్నం, సాయంత్రం, కర్టెన్లు వేసి, తీసి, సెన్సర్ పెట్టబోయే చోటే కొలవాలి.

రీడ్ స్విచ్‌కు మూడు కాళ్ళ రకం ఎందుకంటే, రెండు కాళ్ళదైతే తలుపు మూసి ఉన్నంతసేపూ పుల్-అప్ రెసిస్టర్ గుండా కరెంటు పోతూనే ఉంటుంది. 1 మెగాఓమ్‌తో అది 2.5 మైక్రోఆంప్‌లు, రేడియో నిద్రకు దాదాపు మూడు రెట్లు. 10 మెగాఓమ్‌లు పెడితే తగ్గుతుంది గానీ, మన తేమకు బోర్డు మీద మిగిలిన ఫ్లక్స్ కూడా కొన్ని మెగాఓమ్‌ల నిరోధంలా పనిచేసి, వానాకాలం రాత్రుల్లో తలుపు తెరుచుకున్నా మూసి ఉన్నట్టే చూపించవచ్చు. మూడు కాళ్ళదానిలో మధ్య కాలు చిప్‌కు, ఒక పక్క వీసీసీ, ఇంకో పక్క గ్రౌండ్. ఏ స్థితిలోనూ కరెంటు పారదు. మారే క్షణంలో మధ్య కాలు ఎటూ కలవకుండా తేలిపోకుండా 1 నానోఫారడ్ కెపాసిటర్ పెడితే చాలు. టంకం అయ్యాక బోర్డును ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌తో కడిగి, పూత పూయడం మాత్రం మానొద్దు.

టేకు తలుపు వానల్లో ఉబ్బి రెండు మూడు మిల్లీమీటర్లు కదులుతుంది. అయస్కాంతం పట్టే దూరంలో సగానికే బిగించాలి. పెరటి ఇనుప గ్రిల్ తలుపు దగ్గర ఇనుము అయస్కాంత బలాన్ని తనలోకి లాగేసుకుంటుంది, కింద పది మిల్లీమీటర్ల ప్లాస్టిక్ ముక్క వేసి ఎత్తిపెడితే సరిపోయింది.

ప్రోగ్రామ్‌లో మూడు సంగతులు ముఖ్యం. మొదటిది, నిల్వ సరిపడా ఉందని ఛార్జింగ్ చిప్ ఇచ్చే బ్యాటరీ-ఓకే సంకేతాన్ని ఏటీమెగా కాలికి కలిపి, కెపాసిటర్ 2.8 వోల్టులకు దిగగానే 'శక్తి తగ్గింది' అని సందేశం పంపించాలి. ఆ తర్వాత హాజరు గంటకొకసారికి మార్చాలి. చీకట్లో ఆగిపోయిన సెన్సర్‌కూ, ఎవరో పగలగొట్టిన సెన్సర్‌కూ తేడా రిసీవర్‌కు తెలిసేది దీనివల్లే. వరసగా మూడు హాజరులు తప్పితే, ముందు శక్తి సందేశం రాకపోయుంటే, అది అలారమే. రెండోది, ఈ రేడియోలో రహస్యలిపి లేదు. ప్రతి సందేశంలో పెరుగుతూ పోయే సంఖ్య, దాన్ని రహస్య తాళంతో ముడివేసిన 4 బైట్ల ముద్ర ఉండాలి. లేకపోతే 'మూసి ఉంది' అన్న పాత సందేశాన్ని రికార్డు చేసి మళ్ళీ వినిపించవచ్చు. మూడోది, ఆ సంఖ్యను ఈప్రామ్‌లో (కరెంటు పోయినా చెరగని మెమరీలో) ప్రతిసారీ రాస్తే లక్ష రాతల హద్దు రెండేళ్ళలోపే దాటిపోతుంది. వందకొకసారి రాసి, చిప్ మళ్ళీ లేచినప్పుడు వంద ముందుకు దూకించాలి.

రిసీవర్ ఈఎస్‌పీ32, అది ఇన్వర్టర్ లైను మీద ఉంది. ఎప్పుడూ వింటూ ఉండాలి కాబట్టి దాన్ని వెలుతురుతో నడపడం కుదరదు.

రోహిణీ కార్తె ఎండలకు పడమటి గోడ మీది పెట్టెలు బాగా వేడెక్కుతాయి. ప్రతి 10 డిగ్రీలకూ కెపాసిటర్ లీకేజీ సుమారు రెట్టింపు అవుతుంది, ఆయుష్షు సగమవుతుంది. ప్యానెల్ ఎండలో ఉన్నా కెపాసిటర్ పెట్టె నీడలో, గోడకు కాస్త ఎడంగా ఉండాలి. ప్యానెల్ అద్దంపై దుమ్మును నెలకోసారి తుడవాలి. పెట్టె రంధ్రాలను సిలికాన్‌తో మూయకపోతే చీమలు గూడు పెడతాయి.

హాల్లో మనిషి కదలికను పట్టే పీఐఆర్‌ను కూడా ఇలాగే నడపవచ్చు, కానీ బజారులో దొరికే హెచ్‌సీ-ఎస్‌ఆర్501 ఊరకే 50 మైక్రోఆంప్‌ల పైన తింటుంది, 4.5 వోల్టుల పైన అడుగుతుంది. పానాసోనిక్ ఈకేఎంబీ వరుసలో 1 మైక్రోఆంప్ రకం ఉంది, 2.3 వోల్టుల నుంచి పనిచేస్తుంది. దానితో రోజు ఖర్చు పావు జౌల్ పెరుగుతుంది, అంతే. పీఐఆర్‌కు మన ఎండాకాలంలో వేరే కష్టం. గది 35 డిగ్రీలు దాటితే మనిషి చర్మానికీ వెనక గోడకూ వేడి తేడా మిగలదు, సెన్సర్ దగ్గరి మనిషిని కూడా వదిలేస్తుంది. లెన్స్ మీద బల్లి పాకితే మాత్రం అలారం మోగిస్తుంది. అందుకే మా ఇంట్లో అలారం తలుపు, కిటికీ సెన్సర్ల మాట మీదే మోగుతుంది. పీఐఆర్ సందేశాన్ని రిసీవర్ నమోదు చేసుకుంటుంది, ఏదైనా తలుపు తెరుచుకున్న రెండు నిమిషాల్లోపు వస్తేనే దాన్ని లెక్కలోకి తీసుకుంటుంది.